ఫ్లాష్ వేస్తే వెనకున్న చార్మినార్ ఎందుకు మాయమవుతోంది?

ఫ్లాష్ ఫొటో చెడితే ముందు ఒక్కటి చూడండి: పాడైంది ఎదుట నిలబడ్డ మనిషా, వెనకున్న చోటా? ఫ్లాష్ వెలిగేది రెప్పపాటు కన్నా తక్కువసేపు. కాబట్టి మామూలు స్పీడుల్లో షట్టర్ స్పీడు మార్చినా ఆ వెలుగు పెరగదు, తరగదు. షట్టర్ చేతిలో ఉన్నది వెనకాల లైట్లు, కదలికలే. ఈ తేడా పట్టుబడితే ఏ సింక్ మోడ్ (షట్టర్‌తో ఫ్లాష్‌ను జతకలిపే సెట్టింగ్) పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది.

మొహం తెల్లగా, వెనకంతా చీకటి

రాత్రిపూట చార్మినార్ ముందు తీసే ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆటో, ప్రోగ్రామ్ మోడ్‌లలో ఫ్లాష్ ఆన్ చేస్తే చాలా కెమెరాలు షట్టర్‌ను 1/60 సెకను కంటే కిందికి దిగనివ్వవు. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, ఇక మినార్ల దాకా ఏం అందుతుంది? పవర్ పెంచితే మొహమే పాలిపోతుంది. స్లో సింక్ పెట్టండి, అంటే ఫ్లాష్ వేస్తూనే షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచే మోడ్. మాన్యువల్‌లో అయితే షట్టర్ 1/15, అపర్చర్ ఎఫ్/4, ఐఎస్ఓ 800తో మొదలుపెట్టి, వెనక వెలుగు చాలకపోతే షట్టర్ స్పీడు ఒక్కటే ఇంకా తగ్గించండి. ట్రైపాడ్ ఉంటే సరే, లేకపోతే ఏ గోడకో ఆనుకోండి.

మనిషి పక్కన నీడలా రెండో బొమ్మ

ఫ్లాష్ వెలగ్గానే అయిపోయిందనుకుని జనం కదులుతారు, షట్టర్ మాత్రం ఇంకా తెరిచే ఉంటుంది. "నేను చెప్పేదాకా కదలొద్దు" అని ముందే చెప్పండి. లాడ్ బజార్ దుకాణాల లైట్లు నేరుగా మొహం మీద పడని చోట నిలబెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కదలిక గీతలు మనిషికి ముందు పడుతున్నాయి

బోనాల్లో సాయంత్రం ఫలహారం బండి ముందు పోతరాజు అడుగులేస్తూ వస్తుంటాడు. ఫొటోలో చూస్తే వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. మామూలు సెట్టింగ్‌లో, అంటే ఫ్రంట్ కర్టెన్ సింక్‌లో, ఫ్లాష్ షట్టర్ తెరవగానే వెలుగుతుంది. మనిషి అక్కడే స్పష్టంగా ముద్రపడతాడు, ఆ తర్వాతి కదలికంతా అతని ముందు గీతలుగా పరుచుకుంటుంది. రియర్ కర్టెన్ సింక్ పెడితే ఫ్లాష్ చివర్లో వెలిగి, గీతలు వెనకపడతాయి. కెనాన్‌లో దీన్నే సెకండ్ కర్టెన్ అంటారు. 1/200 దగ్గర ఈ మోడ్ పెట్టినా తేడా కనిపించదు, 1/15 నుంచి 1/8 దాకా తగ్గించాల్సిందే.

ఇందులో అసలు కష్టం అంచనా వేయడం. కొరడా ఎత్తినప్పుడు నొక్కితే, ఫ్లాష్ వెలిగేసరికి అది కిందికి వచ్చేసి ఉండొచ్చు. టీటీఎల్‌లో (ఫ్లాష్ పవర్‌ను కెమెరానే లెక్కగట్టే మోడ్) నొక్కగానే ఒక ప్రీఫ్లాష్ కూడా వెలుగుతుంది, దాన్ని చూసి ఫొటో పడిపోయిందనుకోకండి. నా మాటగా చెప్పాలంటే, ఆట మీదున్న మనిషికి 1/4 కంటే నెమ్మది షట్టర్ వద్దు. నిలబడ్డవాళ్లను తీసేటప్పుడు మళ్లీ ఫ్రంట్ కర్టెన్‌కే రండి.

ఫొటోలో ఒక పక్క చీకటి పట్టీ

గోల్కొండలో మిట్టమధ్యాహ్నం 1/1000 పెట్టి, మామూలు ట్రిగ్గర్‌తో (ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే పరికరం) ఫ్లాష్ వేస్తే వచ్చేది ఇదే. షట్టర్‌కు రెండు తెరలు. సింక్ స్పీడు, అంటే ఫ్లాష్‌తో వాడగల షట్టర్ స్పీడు హద్దు, దాటితే మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే రెండోది మూయడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలో తెర కప్పిన భాగానికి ఫ్లాష్ వెలుగు అందదు. చాలా కెమెరాల్లో ఈ హద్దు 1/200 లేదా 1/250. ఆ కంపెనీ ఫ్లాష్‌నే పైన తగిలిస్తే కెమెరా తనంతట తానే హద్దులో ఆగుతుంది, మామూలు ట్రిగ్గర్‌ను మాత్రం గుర్తుపట్టలేదు.

హై స్పీడ్ సింక్ ఈ హద్దు దాటిస్తుంది, అయితే ఫ్లాష్, ట్రిగ్గర్ రెండింటిలోనూ ఆ సౌకర్యం ఉండాలి. పైగా పవర్ బాగా పడిపోతుంది, ఫ్లాష్‌ను మనిషికి దగ్గరగా తేవాలి. అంతకంటే నీడలోకి జరిగి 1/200కు దిగడమే నాకు మేలనిపిస్తుంది. ఎండలోనే తీయాలంటే లెన్స్‌లోకి వచ్చే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వాడండి.

ఫ్లాష్ అసలు వెలగడం లేదు

మిర్రర్‌లెస్ కెమెరా అయితే సైలెంట్ షట్టర్ (శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్) ఆన్‌లో ఉందేమో చూడండి. చాలా మోడళ్లలో అది ఉంటే ఫ్లాష్ పని చేయదు. మెకానికల్ షట్టర్‌కు మార్చండి.