కిట్ దొరకని సరుకు ఓడని సన్‌బోర్డుతో కట్టుకోవడం

షిప్ మోడల్ కిట్ కొందామని వెతికితే కనబడేవి దాదాపు అన్నీ యుద్ధనౌకలే. బిస్మార్క్, యమాటో లాంటివైతే ఏ స్కేల్ కావాలంటే ఆ స్కేల్లో ఉంటాయి. తుపాకులు లేని ఓడ కావాలంటే టైటానిక్ చూపిస్తారు. అది వద్దంటే ఇంకో కంపెనీ టైటానిక్ చూపిస్తారు.

మరీ ఏమీ లేవని కాదు. రెవెల్ కంపెనీలో 1/700 (అంటే అసలు ఓడలో 700వ వంతు) కొలంబో ఎక్స్‌ప్రెస్ కంటైనర్ షిప్ వచ్చింది. హసెగావా 1/350లో హికావా మారు అనే పాత జపాన్ ప్యాసింజర్ ఓడ చేసింది. కాగితం కత్తిరించి అతికించే ఓపిక ఉంటే హాంబర్గ్ నుంచి 1/250లో మంచి కార్డ్ మోడల్స్ వస్తాయి. ట్రంపెటర్ చేసిన 1/350 లిబర్టీ షిప్ సరుకు ఓడే. కానీ అది యుద్ధకాలంలో 2,710 దాకా కట్టిన నమూనా కాబట్టి కిట్ భాగ్యానికి నోచుకుంది, దాని మీద కూడా తుపాకులుంటాయి. అచ్చు చేయించడం ఖరీదైన పని. ఒకే అచ్చుతో పది పేర్లు అమ్ముడుపోవాలని కంపెనీ చూస్తుంది. సరుకు ఓడేమో చేతులు మారినప్పుడల్లా పేరూ రంగూ మార్చుకుంటుంది. దాని పేరు గుర్తుపెట్టుకుని షాపుకొచ్చే వాళ్లెవరు?

నేను విశాఖలో డ్రాఫ్ట్ సర్వే చేసేవాణ్ణి. లోడింగ్‌కి ముందొకసారి, తర్వాతొకసారి పడవలో ఓడ చుట్టూ తిరిగి, ముందు, మధ్య, వెనక, రెండు వైపులా నీటి మట్టం అంకెలు చదివి, ఎన్ని టన్నులు ఎక్కాయో లెక్క కట్టడం ఆ పని. కాబట్టి నాకు ఓడంటే బల్క్ క్యారియరే, అంటే ఖనిజం, బొగ్గు లాంటి సరుకు విడిగా పోసుకెళ్లే ఓడ. ఈ కాలపు బల్క్ క్యారియర్ ప్లాస్టిక్ కిట్‌గా నాకెక్కడా కనబడలేదు. అదృష్టం ఏమిటంటే, కిట్ లేకుండా కట్టడానికి దానికంటే సులువైన ఓడ లేదు. సగానికి పైగా పొడవు నిటారు పెట్టె. ముందూ వెనకా తప్ప అరగదీసే పనే ఉండదు.

ఐదు హ్యాచ్‌లు (సరుకు గదుల పైనుండే మూతల ద్వారాలు), నాలుగు క్రేన్లు ఉన్న హ్యాండీసైజ్ ఓడని, అంటే బల్క్ క్యారియర్లలో చిన్న తరహాది, ఎంచుకోండి. పొడవు 180 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు అనుకుంటే 1/350లో 51.4 సెంటీమీటర్లు, 8.6 సెంటీమీటర్లు వస్తుంది. షోకేసులో పడుతుంది, చెయ్యీ ఆడుతుంది. పొడవు, వెడల్పు షిప్ ట్రాకింగ్ సైట్లలో దొరుకుతాయి. ఓడల బ్రోకర్లు పెట్టే జీఏ ప్లాన్ (ఓడ మొత్తం అమరిక చూపే డ్రాయింగ్) దొరికితే ఇంకేం కావాలి!

దొరక్కపోతే ఎత్తులు ఫోటోలోంచి లాగాలి. ఓడ ముక్కు దగ్గర, వెనక తెల్ల అంకెలు నిలువుగా రాసి ఉంటాయి చూడండి. మీటర్ల లెక్కలో రాసిన ఓడ మీద ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, అంకెకీ అంకెకీ మధ్య ఖాళీ 10 సెంటీమీటర్లు. 8M అడుగు నుంచి 9M అడుగు దాకా కచ్చితంగా మీటరు. స్క్రీన్ మీద ఆ దూరం స్కేలు పెట్టి కొలిచి, దాంతో డెక్ ఎత్తు, హ్యాచ్ అంచు ఎత్తు అన్నీ లెక్కేసుకోవచ్చు. ఫోటో మాత్రం పక్క నుంచి, దూరం నుంచి జూమ్ చేసి తీసింది కావాలి. ఏటవాలుగా తీసిన దాంతో కొలిస్తే ముక్కు ఒకలా, తోక ఒకలా వస్తుంది. అంకెలు కనబడకపోతే రెయిలింగ్ చూడండి, అది మీటరుకి తగ్గకూడదని నియమం. ఒక మాట: ఫోటోల కోసం పోర్టులోనో నేవీ వైపో కెమెరా ఎత్తకండి. నెట్‌లో ఉన్నవి చాలు.

కట్టేముందు తేల్చుకోవాల్సింది, ఓడ లోడుతో ఉందా ఖాళీగా ఉందా అని. మనం కట్టేది నీటి పైన కనబడే భాగమే. లోడుతో ఉంటే నీటి పైన నాలుగైదు మీటర్లే కనబడుతుంది. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (సైన్‌బోర్డులకి వాడే తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ పలక) రెండు పొరలు, 3 మిల్లీమీటర్లది ఒకటి, మొత్తం 13 మిల్లీమీటర్లతో పని అయిపోతుంది. ఖాళీ ఓడైతే దానికి రెట్టింపు ఎత్తు కావాలి, లోడుతో ఉంటే నీళ్లలో మునిగే ఎర్ర రంగు పట్టీ బయటపడాలి, ప్రొపెల్లర్ నీళ్లలో ఉండాలి కాబట్టి వెనక్కి కొంచెం కూర్చున్నట్టుండాలి. మొదటిసారికి లోడెడ్ ఓడే మంచిది.

సన్‌బోర్డు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో దొరుకుతుంది, తుక్కు ముక్కలు అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. దిగుమతి ప్లాస్టిక్ షీట్ ధరలో నాలుగో వంతు కూడా పెట్టక్కర్లేదు. పైపొరని ముక్కు దగ్గర కింది పొరల కంటే కొద్దిగా పొడుగ్గా కత్తిరించండి, అరగదీస్తే పైకి విచ్చుకున్న వంపు వస్తుంది. ఫెవిక్విక్‌తో అతికించి, 120 నంబరు ఎమెరీతో మొదలుపెట్టి 400 దాకా రుద్దండి. కోసిన అంచులు స్పాంజిలా రంధ్రాలతో ఉంటాయి. కారు పెయింట్ షాపులో దొరికే పుట్టీ పల్చగా పట్టించి, ఆరాక మళ్లీ రుద్దాలి. ఇక్కడ తొందరపడితే రంగు వేశాక ప్రతి గంటూ కనబడుతుంది.

వెనక ఇళ్లలా లేచే కట్టడంలో ఒక్కో అంతస్తు దాదాపు 2.8 మీటర్లు, అంటే 8 మిల్లీమీటర్లు. 5, 3 కలిపితే సరిపోయింది. క్రేన్ స్తంభానికి పాత స్కెచ్ పెన్ను గొట్టం, దాని చేయికి అట్టతో చేసిన సన్నటి పెట్టె, ఏడున్నర సెంటీమీటర్ల పొడవు. క్రేన్ వైరు ఈ స్కేల్లో వెంట్రుక మందమే. కాబట్టి కుట్టు దారం వాడకండి, మోకులా కనబడుతుంది. వెంట్రుకే వాడండి, నల్లది.

రంగు దగ్గర యుద్ధనౌకలు చేసిన వాళ్లు బోల్తా పడతారు. ఓడంతా తుప్పు పూసేస్తారు. తుప్పు కారే చోట్లు వేరు: లంగరు వేలాడే కన్నం కింద, డెక్ మీది నీళ్లు బయటికి పోయే రంధ్రాల కింద, రెయిలింగ్ మొదళ్ల దగ్గర. సన్న బ్రష్‌తో పై నుంచి కిందికి ఒక్క గీత, అంతే. పక్కల మీద TUG అని రాసి ఉంటుంది, టగ్గు (పెద్ద ఓడని నెట్టే చిన్న ఓడ) ముక్కు అక్కడే ఆనించాలని. దాని చుట్టూ రబ్బరు రాసుకున్న నల్ల మరకలుండాలి. హ్యాచ్ మూతల మీద సరుకు రంగు దుమ్ము ఉంటుంది. మా అవుటర్ హార్బర్‌లో ఖనిజం ఎక్కించుకున్న ఓడైతే ఎర్రగా, బొగ్గు దింపిన ఓడైతే నల్లగా. రంగు పొడిని పొడి బ్రష్‌తో అద్దితే చాలు. 2020 అక్టోబరులో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ ఓడ ఫోటోలు నెట్‌లో బోలెడు. చిన్న సరుకు ఓడ దగ్గర నుంచి ఎలా ఉంటుందో చూడ్డానికి అవి చాలు, పక్కన మనుషులు కూడా నిలబడి ఉన్నారు కాబట్టి కొలతకీ పనికొస్తాయి.

ఓడ పక్కన మధ్యలో ఉండే ప్లిమ్‌సోల్ గుర్తు (ఎంతవరకు మునిగేలా లోడు చేయొచ్చో చూపేది) వలయం అసలు ఓడ మీద 30 సెంటీమీటర్లు, మన దగ్గర మిల్లీమీటరు కూడా రాదు. నేనది మానను, నా కళ్లు మొదట వెతికేది దాన్నే. డీటీపీ షాపులో పారదర్శక స్టిక్కర్ మీద ప్రింట్ తీయించండి. అదే షీటులో ఓడ పేరు, దాని కింద రిజిస్టరు చేసిన ఊరు కూడా వేయించండి: పనామా, మన్రోవియా, మజురో, ఏదైనా నిజానికి దగ్గరే.

పక్కన టగ్గు పెట్టాలనిపిస్తే రెవెల్ హార్బర్ టగ్ కొనకండి. అది 1/144, మీ ఓడ పక్కన రాక్షసిలా ఉంటుంది. మిగిలిన సన్‌బోర్డు ముక్కలోంచే 8.5 సెంటీమీటర్లు కోయండి, 30 మీటర్ల టగ్గు అయింది.