దానిమ్మ పులితీపి పాకం, చికెన్ మీదకి

అనంతపురంలో దానిమ్మ చవగ్గా దొరికే రోజుల్లో నేను తప్పకుండా చేసేది ఈ పాకం. నాలుగైదు కాయలు ఒలిచి గింజల్ని మిక్సీలో వేసి రెండు మూడుసార్లు అలా తిప్పి ఆపేయండి, ఎక్కువసేపు తిప్పితే లోపలి విత్తనం నలిగి వగరు దిగుతుంది, ఆ తర్వాత ఎంత బెల్లం వేసినా పోదు. వడకడితే రెండు గ్లాసుల రసం రావాలి.

స్టీల్ గిన్నెలో రసం, మూడు పెద్ద చెంచాల బెల్లం తురుము, చిటికెడు ఉప్పు, అర చెంచా కారం వేసి చిన్న మంట మీద పెట్టండి. బెల్లంలో ఇసుక ఉంటుందని డౌటైతే ముందే కరిగించి వడకట్టుకోండి. అరగంట పడుతుంది, తొందరపడొద్దు. మొదట పెద్ద బుడగలు వస్తాయి, చిక్కబడేకొద్దీ అవి చిన్నవై మెరుస్తాయి. గరిటె వెనక వేలితో గీత గీస్తే అది వెంటనే మూసుకోకుండా నిలవాలి. అప్పుడు దించి ఒక నిమ్మకాయ పిండండి. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కాస్త పలచగా ఉన్నప్పుడే దించడం మంచిది.

చికెన్ ముక్కలు పూర్తిగా వేగాక, చివరి ఐదు నిమిషాల్లోనే ఇది పూయాలి. ముందే పూస్తే తీపి మాడి చేదెక్కుతుంది. చికెన్ తినని వాళ్లు వేయించిన వంకాయ ముక్కల మీద వేసుకోండి, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. మిగిలింది తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.