బ్లాక్ హోల్ స్పిన్ కొలవడం: ఫిట్ కంటే ముందు చూసుకోవాల్సినవి

బ్లాక్ హోల్ తిరగడాన్ని ఎవరూ నేరుగా చూడలేరు. మనం కొలిచేది దాని చుట్టూ తిరిగే వేడి వాయువు పళ్లెం, అంటే డిస్క్, లోపలి అంచు ఎక్కడుందో. పది సూర్యుళ్ల ద్రవ్యరాశి ఉన్న బ్లాక్ హోల్ అసలు తిరగకపోతే ఆ అంచు కేంద్రం నుంచి 90 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. డిస్క్ తిరిగే వైపే గరిష్ఠ వేగంతో తిరుగుతుంటే సుమారు 15 కిలోమీటర్ల దాకా వచ్చేస్తుంది.

ఎవరైనా ఎక్స్-రే స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎంత కాంతి ఉందో చూపే గ్రాఫ్) పట్టుకొస్తే నేను ముందు అడిగేది దూరం, ద్రవ్యరాశి, వాలు (డిస్క్ మన చూపుకు ఎంత వంగి ఉందో). డిస్క్ వేడి కాంతితో అంచును కొలిచే ఈ మొదటి పద్ధతిలో ఇవి రేడియో, ఆప్టికల్ పరిశీలనల నుంచి రావాలి, ఎక్స్-రే డేటా ఇవ్వదు. సిగ్నస్ ఎక్స్-1 అనే బ్లాక్ హోల్ సంగతే చూడండి. 2011లో దూరం దాదాపు 6,100 కాంతి సంవత్సరాలు, ద్రవ్యరాశి 15 సూర్యుళ్లకు కాస్త తక్కువ అన్నారు. 2021లో అవి 7,200కి, 21కి పెరిగాయి. స్పిన్ లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

తర్వాత పరిశీలనను ఎంచుకోవాలి. డిస్క్ వేడి కాంతే ఎక్కువగా ఉండే సాఫ్ట్ స్టేట్ కావాలి, ప్రకాశం ఎడింగ్టన్ పరిమితిలో (కాంతి ఒత్తిడి గురుత్వాన్ని సరితూగే ప్రకాశంలో) 30 శాతం దాటకూడదు. దాటితే డిస్క్ ఉబ్బిపోతుంది, పల్చటి డిస్క్ కోసం రాసిన మోడల్ దానికి సరిపడదు. ఎంత అందంగా ఫిట్ అయినా సరే, అలాంటి డేటాను నేను పక్కన పెట్టేస్తాను.

ఎక్స్-రే స్పెక్ట్రమ్‌లకు మోడల్ ఫిట్ చేసే ఎక్స్‌స్పెక్ సాఫ్ట్‌వేర్‌లో మూడు మోడళ్లు కలిపి వాడండి: టీబీయాబ్స్ (దారిలోని వాయువు మింగే కాంతికి), సింపుల్ (చెదిరి శక్తి పెరిగిన కాంతికి), కెర్‌బీబీ (తిరిగే బ్లాక్ హోల్ చుట్టూ డిస్క్ వేడి కాంతికి). సింపుల్ ఉన్నప్పుడు ఎనర్జీస్ కమాండ్‌తో శక్తి పరిధిని డిటెక్టర్ పరిధికి రెండు వైపులా పెంచాలి. కెర్‌బీబీలో ద్రవ్యరాశి, దూరం, వాలు బిగించేశాక నార్మ్ (మొత్తం కాంతిని పెంచే తగ్గించే గుణకం) కూడా 1 దగ్గర బిగించండి. దాన్ని వదిలేస్తే దూరాన్ని దొడ్డిదారిన వదిలేసినట్టే. డిస్క్ కాంతి అసలు ఉష్ణోగ్రత కంటే వేడిగా కనిపించడాన్ని సరిచేసే రంగు దిద్దుబాటు గుణకం మామూలుగా 1.7. చివర్లో స్టెప్పార్ కమాండ్‌తో స్పిన్ విలువను మెట్టు మెట్టుగా మారుస్తూ ఫిట్ ఎలా మారుతుందో చూడండి. డిస్క్ తిరిగే వైపే తిరిగితే స్పిన్‌ను 0 (అసలు తిరగకపోవడం) నుంచి 1 (గరిష్ఠం) వరకు లెక్కిస్తారు. అంచు కొలతలో 5 శాతం తేడా వస్తే, స్పిన్ సున్నా దగ్గర ఉన్నప్పుడు దాదాపు 0.1 తప్పుతుంది, 0.95 దగ్గర 0.01 మాత్రమే. తక్కువ స్పిన్‌కు చిన్న ఎర్రర్ బార్ కనిపిస్తే నాకు వెంటనే అనుమానమే.

ఈ అంచు నిజంగా కదలకుండా ఉంటుందా? ఎల్ఎంసీ ఎక్స్-3 అనే మరో బ్లాక్ హోల్‌ను 26 ఏళ్ల పాటు వేర్వేరు ఉపగ్రహాలు చూసిన డేటాలో అది కొద్ది శాతం లోపే నిలకడగా ఉంది.

దూరం, ద్రవ్యరాశి తెలియకపోతే రెండో పద్ధతి ఉంది: డిస్క్‌లోని ఇనుము స్పెక్ట్రమ్‌లో వేసే గీత. 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర సన్నగా ఉండాల్సిన గీత, గురుత్వం వల్ల తక్కువ శక్తి వైపు తోకలా సాగుతుంది. అంచు ఎంత లోపలికి ఉంటే తోక అంత పొడవు. దీనికి ఈ సాగిన గీతను లెక్కించే రెల్‌క్సిల్ మోడల్, 3 నుంచి 79 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల దాకా చూసే నూస్టార్ ఎక్స్-రే ఉపగ్రహం డేటా మంచి జోడీ. రెండు పద్ధతులూ వేర్వేరు స్పిన్ చెబితే ముందు వాలు చూడండి. మొదటి పద్ధతిలో జంట నక్షత్రాల కక్ష్య వాలునే డిస్క్‌కు అంటగడతాం, గీత మాత్రం లోపలి డిస్క్ వాలును సొంతంగా చెబుతుంది.