రొయ్యల చెరువులో ఆటో ఫీడర్ మేత వదలకపోతే

భీమవరం వైపు ఆటో ఫీడర్ (టైమర్ ప్రకారం చెరువులోకి మేత చిమ్మే యంత్రం) ఆగగానే చాలామంది మోటారు కాలిపోయిందని టెన్షన్ పడతారు, కానీ మన డెల్టా గాలిలోని తేమకు మేత పొడి ముద్దకట్టి డబ్బా అడుగున బిగుసుకుపోవడమే నేను ఎక్కువగా చూశాను. ముందు కరెంటు తీసేయండి, దయచేసి. డబ్బా ఖాళీ చేసి, అడుగు రంధ్రాన్నీ మేత చిమ్మే పళ్లాన్నీ పొడి బ్రష్‌తో గీకండి, నీళ్లు పోయొద్దు. అయినా తిరగకపోతే వైర్ల జాయింట్లు చూడండి, ఉప్పునీటి చెరువుల దగ్గర అవి తొందరగా తుప్పు పడతాయి.

కొత్త టైమర్ పెట్టినా, మేత గుళిక సైజు మారినా, 1 నిమిషం నడిపి ఆ మేతను సంచిలో పట్టి తూచి, ఆ లెక్కతోనే టైమింగ్ మార్చుకోవాలి. చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) మేత మిగులుతోందా? వెంటనే తగ్గించండి, కుళ్లిన మేతకి నీటిలో అమ్మోనియా పెరిగి నష్టపోయేది రొయ్యే.