పూల లోయకు రెండు పగళ్లు కేటాయించండి

మొదటిసారి వెళ్లినప్పుడు హిమాలయాల్లోని పూల లోయలో (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) నేను గడిపింది రెండు గంటలే. మబ్బు కిందికి దిగి, ఎదుట నడిచే మనిషి కూడా కనిపించలేదు. మర్నాడు ఆకాశం తేటపడే వేళకు మా బృందం కొండ దిగిపోతోంది. ఆ బాధతోనే మరో రెండుసార్లు వెళ్లాను. అందుకే నన్ను అడిగేవారికి ముందుగా చెప్పే మాట: లోయకు ముందు బస చేసే ఊరైన ఘాంఘరియాలో నాలుగు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఒక పగలు లోయకు, ఒక పగలు దగ్గరలోని సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్‌కు, మళ్లీ ఒక పగలు లోయకు.

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న ఈ లోయ 1982లో జాతీయ ఉద్యానవనమైంది. 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. జూన్ నుంచి అక్టోబరు వరకే తెరుస్తారు. జూన్‌లో దారి మీద ఇంకా మంచు ఉంటుంది. పూల కోసమైతే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు వెళ్లాలి. అది వానకాలమే. ఋషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాకా రోడ్డు మీద కొండచరియలు విరిగిపడుతుంటాయి కాబట్టి వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి అదనపు రోజులు తప్పనిసరి. డబ్బు దారిలో వచ్చే జోషీమఠ్ పట్టణంలోనే తీసి పెట్టుకోండి.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపులు ఉన్నాయి. అక్కడి నుంచి ఘాంఘరియాకు సుమారు 10 కిలోమీటర్లు ఎక్కాలి. బరువును గుర్రం మీద పంపండి, మీరు మాత్రం నడవండి. ఊరు విడిచే ముందు రెండు నెలలు మెట్లు ఎక్కే అలవాటు చేసుకోండి. తిరుపతి దగ్గరివారికి అలిపిరి దారిని మించిన సాధన లేదు. 3,550 మెట్లు ఆగి ఆగి ఎక్కినా సరే, మర్నాడు కాళ్లు పట్టేయకపోతే మీరు సిద్ధమైనట్టే. బూట్లు కూడా ఆ మెట్ల మీదే అరగాలి. కొత్త బూట్లతో వెళ్లి రెండు మడమలకూ బొబ్బలు తెచ్చుకున్న మనిషిగా చెబుతున్నాను. జీన్స్ వద్దు, తడిస్తే అక్కడ ఆరవు.

ఘాంఘరియా దాటగానే దారి చీలుతుంది. ఎడమవైపు లోయ, కుడివైపు హేమకుండ్. మొదట లోయకే వెళ్లండి, ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటుపడుతుంది. హేమకుండ్ 4,000 మీటర్లు దాటి ఉంటుంది, దారంతా నిట్టనిలువు. తలనొప్పి, వాంతి మొదలైతే మొహమాటపడకుండా దిగిపోవాలి. పైన గురుద్వారాలో వేడి టీ, కిచిడీ పెడతారు. ఆ చలిలో వాటి రుచి మరిచిపోలేను. బ్రహ్మకమలాలు కనిపించేది ఆ దారిలోనే. దయచేసి కోయకండి. మన గసగసాల మొక్కకు చుట్టమైన నీలి పువ్వునూ అక్కడే రాళ్ల సందుల్లో చూశాను. కాడ నిండా ముళ్లు, రేకులు మాత్రం తడిసిన పట్టులా ఉన్నాయి.

లోయ గేటు ఉదయం 7 గంటలకు తెరుస్తారు, అప్పటికే అక్కడుండండి. పుష్పవతి నది వంతెన దాటాక భోజపత్ర చెట్ల మధ్య గట్టి ఎక్కుడు ఉంది. లోపల రాత్రి బసకు అనుమతి లేదు, దుకాణాలూ లేవు. రొట్టెలు కట్టించుకుని వెళ్లి, కాగితాలు వెనక్కి తెచ్చుకోండి.

చాలామంది పూలు కనబడగానే ఫొటోలు తీసుకుని తిరిగిపోతారు. మీరు ముందుకు సాగండి. 1939లో పూల మొక్కలు సేకరిస్తూ జారిపడి మరణించిన వృక్షశాస్త్రవేత్త జోన్ మార్గరెట్ లెగ్గీ సమాధి లోపలే ఉంది. ఆమె సోదరి పెట్టించిన రాయి దగ్గర కాసేపు నిలబడండి. ఇంకా నడిస్తే దారి నది ఇసుక ఒడ్డుకు చేరుస్తుంది. అక్కడ బూట్లు విప్పి కూర్చోండి. మబ్బు కమ్మితే తొందరపడకండి, అరగంటలో తెర తొలగవచ్చు. కానీ మధ్యాహ్నం ఒంటిగంట దాటితే లేవాల్సిందే. సాయంత్రం 5 లోపు గేటు దాటాలి, దిగే దారిలో తడి రాళ్లు జారతాయి.