ఫొటోలతో స్లైడ్‌షో, 4వ పాఠం: మాయమైన ఫొటోలు, నిలువు ఫొటోలు

ఈసారి ఫొటోలకు కదలిక ఎలా ఇవ్వాలో చెప్తానని పోయిన పాఠంలో మాట ఇచ్చాను. చెప్తాను, కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన పని ఒకటుంది. మూడో పాఠం చేసినవాళ్లలో చాలామందికి ఒకటే కష్టం వచ్చింది. రాత్రి ఓపిగ్గా అరవై డెబ్భై ఫొటోలు వరసగా పేర్చి, సేవ్ చేసి పడుకుని, పొద్దున్నే ప్రాజెక్టు తెరిస్తే, ఫైళ్లు దొరకడం లేదంటూ కేడెన్‌లైవ్ (మనం వాడుతున్న వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాం) పెద్ద లిస్టు చూపించింది. కొందరు కంగారులో ఆ లిస్టులో ఉన్నవన్నీ తీసేయమని నొక్కేశారు, దాంతో ఫొటోలు పేర్చిన వరస, అంటే టైమ్‌లైన్, ఖాళీ అయిపోయింది. ఇందులో మీ తప్పేమీ లేదు. ఫొటోలు ఎక్కడ పెట్టుకోవాలో నేను రెండో పాఠంలోనే చెప్పాల్సింది, అందరికీ తెలిసే ఉంటుందనుకుని దాటేశాను.

అసలు జరిగింది ఏమిటంటే, మీరు సేవ్ చేసిన ప్రాజెక్టు ఫైల్లో మీ ఫొటోలు లేవు. ఎప్పుడూ ఉండవు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నప్పుడు శుభలేఖలు పంచడానికి ఒక లిస్టు రాసుకుంటాం కదా, అందులో మనుషులు ఉండరు, వాళ్ల పేర్లు, ఇంటి అడ్రసులు ఉంటాయి. ప్రాజెక్టు ఫైలు కూడా అంతే. ఫలానా ఫొటో ఫలానా డ్రైవులో ఫలానా ఫోల్డర్లో ఉంది, దాన్ని 5 సెకన్లు చూపించు, తర్వాత ఇంకోటి చూపించు, ఇంతవరకే అందులో రాసుంటుంది. ఒక్కోటి 4 ఎంబీ ఉన్న ఫొటోలు 200 పెడితే వాటి బరువు 800 ఎంబీ, ప్రాజెక్టు ఫైలు మాత్రం దాని ముందు ఆవగింజంత ఉంటుంది. ఒకసారి రెండింటి సైజూ చూడండి, విషయం మీకే అర్థమవుతుంది.

మీలో ఎక్కువమంది ఫొటోల్ని పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా లాగి బిన్‌లో (ప్రాజెక్టుకి ఫొటోలు, పాటలు చేర్చుకునే పెట్టెలో) పడేశారు. విండోస్‌లో ఆ పెన్‌డ్రైవ్ రాత్రి ‘ఈ’ (E) డ్రైవ్‌గా కనిపించి, పొద్దున ఇంకో పోర్టులో పెట్టేసరికి ‘ఎఫ్’ (F) డ్రైవ్ అయి ఉండొచ్చు. ఫొటోలు అక్కడే ఉన్నాయి, అడ్రసు మారింది. ఇంకొందరు డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉన్న వాట్సాప్ ఫొటోల్ని వాడి, తర్వాత ఆ ఫోల్డర్ శుభ్రం చేసుకున్నారు.

లిస్టు కనపడగానే ఏదీ తీసేయకండి. ఆ కిటికీలోనే ఫోల్డర్ చూపించి వెతికించే బటన్ ఉంటుంది. ఫొటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో ఆ పెద్ద ఫోల్డర్ని చూపిస్తే చాలు, లోపలి ఫోల్డర్లన్నీ అదే గాలించి కలిపేస్తుంది. ఇప్పటికే తీసేసి, సేవ్ కూడా చేసేసినవాళ్లు ఫైల్ మెనూలో ఓపెన్ బ్యాకప్ ఫైల్ చూడండి, తేదీ, టైముతో సహా పాత కాపీలు అక్కడ ఉంటాయి. రాత్రి పదింటిదో పదకొండింటిదో తెరిచి, ముందు దాన్ని కొత్త పేరుతో సేవ్ చేసుకోండి.

ఇకమీదట ఒక పద్ధతి పెట్టుకుందాం. కంప్యూటర్లోనే ఒక ఫోల్డర్, ఆ ఫంక్షన్ పేరుతో. అందులో ఫొటోలకు ఒకటి, పాటలకు ఒకటి, బయట ప్రాజెక్టు ఫైలు. ఫొటోలు ముందు అక్కడికి కాపీ అవ్వాలి, ఆ తర్వాతే బిన్‌లోకి రావాలి. పేర్లు నేను 001, 002 అని పెట్టను, 010, 020, 030 అని పదేసి వదిలి పెడతాను. ఎందుకంటే మొత్తం సిద్ధమయ్యాక, ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు, అమెరికాలో ఉన్న పిన్ని ఫోన్ చేసి మా పెళ్లి ఫొటో ఏదీ అని అడుగుతుంది, అప్పుడు దాన్ని 035 అని మధ్యలో పెట్టేయొచ్చు. ఆవిడ ఐఫోన్‌లో తీసి పంపిన ఫొటో తెరుచుకోకపోతే అది హెచ్‌ఈఐసీ రకం అయి ఉంటుంది, జేపీజీగా మార్చి పంపమనండి. వాట్సాప్‌లో పంపేవాళ్లను ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, అప్పుడు సైజు తగ్గించకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అది ఎందుకు ముఖ్యమో కదలిక దగ్గర చెప్తాను.

ప్రాజెక్టుని ఇంకో కంప్యూటర్‌కి తీసుకెళ్లాలంటే ఆ ఒక్క ఫైలు పట్టుకెళ్లకండి. ఆర్కైవ్ ప్రాజెక్ట్ అనే ఆప్షన్ ఉంది, వెర్షన్‌ని బట్టి ఫైల్ మెనూలోనో ప్రాజెక్ట్ మెనూలోనో కనపడుతుంది. అది ఫొటోలు, పాటలు, ప్రాజెక్టు ఫైలు అన్నీ ఒకచోట చేరుస్తుంది. మా మేనమామ షష్టిపూర్తికి నేను ఆ ఒక్క ఫైలే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఫంక్షన్ హాల్లో చిన్న మార్పు చేసుకోవచ్చులే అని వెళ్లాను. అక్కడి కంప్యూటర్లో తెరిస్తే ఒక్క ఫొటో లేదు. అత్తయ్య వచ్చి ఏమైందిరా అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. మా తమ్ముడు బండి మీద ఇంటికెళ్లి నా ల్యాప్‌టాప్ తెచ్చేసరికి భోజనాలు మొదలైపోయాయి. అందుకే ఇంత సాగదీసి చెప్తున్నాను.

ఇప్పుడు నిలువు ఫొటోలు. ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది.

మొదటి పాఠంలో మనం పెట్టుకున్న ప్రాజెక్టు 1920×1080 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు), అంటే 16:9 అడ్డం తెర. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో మామూలుగా 3:4 ఉంటుంది. తెర ఎత్తు 1080కి సరిపడా పెడితే దాని వెడల్పు 810 మాత్రమే వస్తుంది. 1920లో 810 పోతే 1110 మిగిలింది, అంటే అటు 555, ఇటు 555 నల్లగా ఉంటుంది. చాలామందికి ఈ నలుపు నచ్చదు. నచ్చక, ఫొటో సైజు, చోటు మార్చే ట్రాన్స్‌ఫార్మ్ ఎఫెక్ట్‌లో డిస్టార్ట్ అన్నచోట టిక్ పెట్టి, ఫొటోని తెరంతా లాగేస్తారు. 810 ఉన్నదాన్ని 1920 చేశారంటే, ఎత్తు అంతే ఉండి వెడల్పు దాదాపు 2.4 రెట్లు అయింది. తాతయ్య బుగ్గలు చెవుల దాకా పోతాయి. బక్కపల్చటి మనిషి గుండ్రంగా కనపడతాడు. పిల్లలైతే నవ్వేస్తారు, కానీ ఆ మనిషి ఇప్పుడు లేకపోతే, ఆ ముఖాన్ని పెద్ద తెర మీద చూడాలని వచ్చిన ఆయన భార్య ముందు వరసలో కూర్చుని ఉంటుంది. ఆవిడకు అది ఆయన ముఖం కాదు.

దయచేసి డిస్టార్ట్ ముట్టుకోకండి. వెడల్పు, ఎత్తుల పక్కన తాళం గుర్తు ఉంటుంది, అది వేసే ఉంచండి. కొద్దిగా సాగితే ఎవరికి తెలుస్తుందిలే అని నాతో వాదించినవాళ్లున్నారు. మనం రోజూ చూసిన ముఖం పదిలో ఒక వంతు సాగినా ఏదో తేడాగా ఉందని కంటికి తెలుస్తుంది, ఏం తేడానో చెప్పలేకపోవచ్చు. ఇంకో సంగతి, మీరు అంతా సరిగ్గా చేసినా ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ తెర 16:9 కాకపోతే ఆపరేటర్ మొత్తం వీడియోనే లాగి సరిపెట్టేస్తారు. ముందే ఫోన్ చేసి తెర ఎన్ని అడుగుల వెడల్పు, ఎన్ని అడుగుల ఎత్తు అని అడగండి. 16 అడుగులకు 9 కాకుండా 12కి 8 అంటే, అది 3:2. అప్పుడు పైనా కిందా నలుపు వదిలి వేయమని ఆపరేటర్‌కి చెప్పి పెట్టుకోవాలి, వీలైతే ఒకరోజు ముందు వెళ్లి చూసుకోవాలి.

తెరంతా నింపాలని ఫొటోని పెద్దది చేస్తే సరిపోతుంది కదా అంటే, వెడల్పు 1920 అయ్యేసరికి ఎత్తు 2560 అవుతుంది, అందులో తెర మీద పట్టేది 1080. సగం కంటే ఎక్కువ ఫొటో బయటే ఉండిపోతుంది. ముఖం కనపడితే పట్టుచీర అంచు పోతుంది, చీర కనపడితే తల పోతుంది. నడుం వరకే తీసిన ఫొటోలకు ఎప్పుడైనా పనికొస్తుంది, నిలువెత్తు ఫొటోలకు వద్దు.

నేను చేసేది ఇది. నిలువు ఫొటోని పై వీడియో ట్రాక్‌లో (టైమ్‌లైన్‌లో ఒకదాని మీద ఒకటి ఉండే వరసల్లో పైది) ఉంచి, కింద ట్రాక్‌లో ఒక కలర్ క్లిప్, అంటే ఒకే రంగు ముక్క, పెడతాను. ఫొటో పక్కన నల్లగా కనపడేది నిజానికి ఖాళీ, దాని గుండా కింది ట్రాక్ కనపడుతుంది. ముదురు మెరూన్, లేకపోతే పాత ఆల్బమ్ అట్టలాంటి గోధుమ రంగు. మొత్తం స్లైడ్‌షోకి ఒకటే రంగు, ఫొటోకొక రంగు మార్చను. అదే ఫొటోని మసకగా చేసి వెనక పెట్టడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు, మీకు అది కావాలంటే ఎఫెక్టుల్లో పిల్లర్ ఎకో అని వెతకండి, ఒక్క ఎఫెక్టుతో అయిపోతుంది. నాకు మాత్రం వెనక మసక మసకగా కదిలే రంగుల వల్ల ముఖం మీద చూపు నిలవదు.

అంతకంటే నాకు ఇష్టమైనది రెండు నిలువు ఫొటోల్ని పక్కపక్కన పెట్టడం. లెక్క ఎంత బాగా కుదురుతుందో చూడండి. ఒక్కోటి 810, రెండూ కలిపి 1620, మిగిలింది 300, అంటే ఎడమ చివర 100, మధ్యలో 100, కుడి చివర 100. ఒక ఫొటోని ఒక ట్రాక్‌లో, రెండోదాన్ని దాని పై ట్రాక్‌లో పెట్టి, రెండింటికీ ట్రాన్స్‌ఫార్మ్ వేసి, మొదటిదానికి ఎక్స్ (అడ్డంగా జరిపే) విలువ -455, రెండోదానికి 455 ఇవ్వండి. అంతే. అమ్మ చిన్నప్పటి ఫొటో ఎడమవైపు, అదే వయసులో కూతురి ఫొటో కుడివైపు. నాన్న మొదటి ఉద్యోగంలో చేరినప్పటి ఫొటో, రిటైరైన రోజు ఫొటో. ఇలాంటి జతలకు 5 సెకన్లు చాలవు, 8 ఇవ్వండి, చూసేవాళ్లు అటూ ఇటూ పోల్చుకోవాలి.

కదలిక గురించి ఇప్పుడు తొందరగా చెప్తాను, ఇది మీరు భయపడినంత కష్టం కాదు. నిశ్చలమైన ఫొటో మీద మెల్లగా దగ్గరికి వెళ్లడాన్నీ పక్కకు జరగడాన్నీ కెన్ బర్న్స్ ఎఫెక్ట్ అంటారు, పాత ఫొటోలతో డాక్యుమెంటరీలు తీసే అమెరికన్ దర్శకుడి పేరు అది. ఫొటోకి ట్రాన్స్‌ఫార్మ్ వేయండి. మొదటి ఫ్రేములో కీఫ్రేమ్, అంటే ఆ క్షణానికి సైజు, చోటు ఎంతో రాసి పెట్టే గుర్తు, ఎలాగూ ఉంటుంది, సైజు 100 శాతం. చివరి ఫ్రేముకి వెళ్లి ఇంకో కీఫ్రేమ్ పెట్టి సైజు 108 చేయండి. మధ్యలోనే ఉండాలంటే అక్కడ ఎక్స్ -77, వై (నిలువుగా జరిపేది) -43 ఇవ్వండి. 5 సెకన్ల ఫొటోకి నేను 110 దాటను. 150 పెడితే ముఖం మన మీదకు దూకినట్టు ఉంటుంది, పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి. అన్ని ఫొటోలకూ కదలిక అక్కర్లేదు, మూడింట ఒకదానికి చాలు. గ్రూప్ ఫొటో అయితే మొదట మొత్తం చూపించి, మధ్యలో కూర్చున్న పెద్దవాళ్ల వైపు మెల్లగా వెళ్లండి. అక్కడ 130 వరకూ వెళ్లొచ్చు, కానీ 10 సెకన్లు ఇవ్వాలి, ఎందుకంటే హాల్లో ప్రతి ఒక్కరూ ముందు తమను తాము వెతుక్కుంటారు.

ఇక్కడే ఫొటో అసలు సైజు అవసరం పడుతుంది. ఫోన్ కెమెరా ఇచ్చిన 4000×3000 ఫొటో మన తెర వెడల్పుకు రెట్టింపు పైనే ఉంది, దగ్గరికి వెళ్లినా స్పష్టంగానే ఉంటుంది. వాట్సాప్‌లో తగ్గి 1600×1200 అయి వచ్చినదైతే తెరంత వెడల్పు కూడా లేదు, దగ్గరికి వెళ్లేకొద్దీ మసకబారుతుంది. దానికి కదలిక పెట్టకండి. పాత ప్రింట్లు స్కాన్ చేయించేటప్పుడు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) అడగండి, 4×6 అంగుళాల ప్రింటు 2400×3600 వస్తుంది. స్కానర్ లేక ఫోన్‌తోనే తీసేవాళ్లు ఫొటోని ఆల్బమ్ ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీసి, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగకండి, చిరిగితే ఇంకో కాపీ ఉండదు. అలాగే ఉంచి, వెలుగు పక్కనుంచి పడేలా తిప్పి తీయండి.

ఈ వారం అభ్యాసం కొంచెం పెద్దది, అయినా పూర్తిగా చేయండి. 12 ఫొటోలు తీసుకోండి. వాటిలో కనీసం 5 నిలువువి, ఒకటి ఇరవైమందికి పైగా ఉన్న గ్రూప్ ఫొటో, ఒకటి పాత బ్లాక్ అండ్ వైట్ ఉండాలి. పదేసి వదిలి పేర్లు పెట్టండి. ఒక జత పక్కపక్కన రావాలి, మూడింటికి మాత్రమే కదలిక ఉండాలి, పాట వద్దు. సేవ్ చేసి మూసేయండి. ఇప్పుడు కావాలనే ఫొటోల ఫోల్డర్ పేరు మార్చి ఇంకోచోటికి జరిపి, ప్రాజెక్టు తెరిచి, ఆ లిస్టు చూసి, టెన్షన్ పడకుండా వాటిని మళ్లీ కలపండి. తర్వాత ఆర్కైవ్ చేసి, దాన్ని ఇంకో కంప్యూటర్లో తెరవండి. చివరగా రెండర్ చేసిన, అంటే వీడియో ఫైలుగా తయారుచేసిన, వీడియోని టీవీలో వేసి, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ముఖం రాగానే ఎవరో చెప్పమని అడగండి. ఎక్కడ వాళ్లు పేరు చెప్పేలోపే ఫొటో వెళ్లిపోయిందో ఆ నంబరు రాసి పెట్టుకోండి. ఐదో పాఠంలో పాటకు తగ్గట్టు టైము సర్దేటప్పుడు ఆ నంబర్లతోనే మొదలుపెడతాం.