డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం దాటిందా? వేడి పెంచేముందు ఇవి చూడండి

నెల్లూరు, గూడూరు నుంచి వచ్చి చెన్నైలో మణలి వైపు రిఫైనరీ షిఫ్టుల్లో చేరుతున్న తమ్ముళ్ల కోసం రాస్తున్నాను. డీజిల్‌లోని సల్ఫర్‌ని వేడి రియాక్టర్‌లో, కేటలిస్ట్ (రసాయన చర్యని వేగపరిచే పదార్థం) మీద హైడ్రోజన్‌తో తీసేసే హైడ్రోట్రీటర్ యూనిట్ గురించి ఇది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో పది, మించకూడదు. బీఎస్-4లో 50 దాకా చెల్లేది.

సమస్య: సల్ఫర్ 8 నుంచి 15కి ఎగబాకింది, రియాక్టర్ వేడి పెంచినా దిగట్లేదు

కారణం: ముందుగా ఫీడ్-ఎఫ్లుయెంట్ ఎక్స్ఛేంజర్‌ని అనుమానించండి. రియాక్టర్ నుంచి బయటికొచ్చే వేడి సరుకుతో, లోపలికి వెళ్లే ఫీడ్‌ని (శుద్ధి కాని డీజిల్‌ని) వేడిచేసే పరికరం అది. రియాక్టర్‌లోకి వెళ్లే ఫీడ్ ప్రెషర్ బయటికొచ్చేదానికంటే ఎక్కువ. ట్యూబుకి సన్నటి చిల్లు పడినా చాలు, శుద్ధి కాని డీజిల్ శుద్ధయినదాంట్లో కలిసిపోతుంది. ఫీడ్‌లో 1 శాతం సల్ఫర్ ఉంటే అది 10,000 పీపీఎం. అలాంటిది వెయ్యి కిలోలకి ఒక్క కిలో కలిస్తే 10 పీపీఎం పెరిగినట్టే.

తేల్చుకోవడం ఎలా? సల్ఫర్ రకాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయించండి. తేలిగ్గా విరిగే బెంజోథయోఫీన్లు కనబడితే దాదాపు లీకే, ఎందుకంటే అవి రియాక్టర్ దాటి రావడం కష్టం. 4,6-డైమిథైల్‌డైబెంజోథయోఫీన్ లాంటివే మిగిలితే లోపం రియాక్టర్‌లో ఉంది. ఆ అణువులో సల్ఫర్‌కి రెండు పక్కలా మిథైల్ గుంపులు అడ్డుపడి, దాన్ని కేటలిస్ట్‌కి అందనివ్వవు.

పరిష్కారం: లీకైతే ఎక్స్ఛేంజర్ బాగుచేయడమే. వేడి పెంచుకుంటూ పోతే కోక్ (బొగ్గులాంటి మడ్డి) పేరుకుని కేటలిస్ట్ ఆయుష్షు కరిగిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

సమస్య: పైన చెప్పిన 4,6-డైమిథైల్ లాంటి మొండి సల్ఫర్ రకాలే మిగులుతున్నాయి

కారణం: ఫీడ్ ఎండ్ పాయింట్ (ఫీడ్‌లోని అతి బరువైన భాగం మరిగే ఉష్ణోగ్రత) పెరిగి ఉండొచ్చు. క్రాకింగ్ యూనిట్ (బరువైన నూనెని విరగ్గొట్టే యూనిట్) సరుకు ఎక్కువ కలిసి నైట్రోజన్ పెరిగి ఉండొచ్చు, అది కేటలిస్ట్ మీద చోటు ఆక్రమిస్తుంది. రియాక్టర్‌కి తిరిగి పంపే రీసైకిల్ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ పెరిగినా ఇంతే.

పరిష్కారం: ఎండ్ పాయింట్ దించండి, రీసైకిల్ గ్యాస్‌లోంచి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పీల్చే అమీన్ అబ్సార్బర్, హైడ్రోజన్ స్వచ్ఛత చూడండి. ఆ తర్వాతే వేడి, అదీ డిగ్రీ చొప్పున. కేటలిస్ట్ బెడ్‌లో ఒకే ఎత్తున ఉన్న థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచేవి) మధ్య తేడా పెరిగితే ద్రవం ఒకవైపే పారుతోందని అర్థం. దానికి షట్‌డౌన్‌లోనే మందు.

సమస్య: కొత్త కేటలిస్ట్ మొదటినుంచే మందకొడి

కారణం: సల్ఫైడింగ్ (కేటలిస్ట్‌ని సల్ఫైడ్‌గా మార్చడం) సరిగా జరగలేదు. కోబాల్ట్-మాలిబ్డినం కేటలిస్ట్ సాధారణంగా ఆక్సైడ్‌గా వస్తుంది, పనిచేసేది మాత్రం సల్ఫైడ్‌గా మారాకే. మారకముందే వేడి హైడ్రోజన్ తగిలితే ఆక్సైడ్‌లోని ఆక్సిజన్ పోయి లోహం రిడ్యూస్ అవుతుంది. పోయిన చురుకు పూర్తిగా తిరిగి రాదు.

పరిష్కారం: సల్ఫర్ అందించే డైమిథైల్ డైసల్ఫైడ్ ఎక్కిస్తూ, రియాక్టర్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి కనబడేదాకా 230 డిగ్రీల దగ్గరే ఆపండి. షెడ్యూల్ ఒత్తిడి ఎంతున్నా ఇక్కడ తొందర వద్దు.

సమస్య: కాపర్ స్ట్రిప్ పరీక్ష (డీజిల్ రాగి రేకుని మసకబరుస్తుందా అని చూసేది) ఫెయిల్

కరిగి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ స్ట్రిప్పర్‌లో (ఆవిరితో గ్యాస్‌ని వేరుచేసే టవర్‌లో) పూర్తిగా పోలేదు. ఆవిరి, రిఫ్లక్స్ (టవర్ పైనుంచి తిరిగి లోపలికి పంపే ద్రవం) సరిచేయండి.

సమస్య: ప్రెషర్ డ్రాప్ ఎక్కువ

బెడ్ పైపొరలో తుప్పు, కోక్ చేరాయి. షట్‌డౌన్‌లో పైపొర గోకి తీయించండి. ఐరన్ సల్ఫైడ్ గాలి తగిలితే తనంతట తానే రాజుకుంటుంది కాబట్టి నైట్రోజన్ నింపే తీయాలి. లోపలికి దిగే మనిషికి బయటినుంచి శ్వాసగాలి అందుతుండాలి.